మేనేజరు డొక్క మీద మచ్చ

మేనేజరు అంటే కుందేలు. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిటారుగా ఉంటే రెండోది వాలిపోయి ఉంటుంది. పొద్దున్నే బోనులోంచి దిగి, వంటింటి దగ్గర మొదలుపెట్టి గదులన్నీ ఒకసారి తనిఖీ చేసి, ఒక్క పనీ ముట్టుకోకుండా వెళ్ళి కుర్చీ కింద కూర్చుంటుంది. ఆ దర్జా చూసి దాన్ని పెంచినావిడ పెట్టిన పేరది. ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. కుందేలు ఇప్పుడు ఆవిడ చెల్లెలి ఇంట్లో ఉంటోంది.

చెల్లెల్ని అందరూ అద్దాలమ్మ అంటారు. ఒక కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే స్టూలు, అదే కిటికీ, నీళ్ళు కారుతూ తిరిగే అదే సానరాయి. సాయంత్రానికి వేళ్ళ చివర్లు నానిపోయి ముడతలు పడి ఉంటాయి. అద్దాన్ని ట్యూబులైటు కింద ఇటూ అటూ వంచి, ఇంకెవరికీ కనపడని గీతను పట్టుకోవడానికి ఆమె పెట్టింది పేరు. "ఆవిడ చూసి సరేనంటే సరే" అంటాడు దుకాణం యజమాని. భర్త స్కూలు బస్సు నడుపుతాడు. అద్దాలమ్మ అన్న పేరు ఆ బస్సులో పిల్లలు పెట్టిందే. పిల్లల్లేని ఆ ఇద్దరి ఇంట్లోకి కుందేలు వచ్చాక కాస్త సందడి వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున ఆమె బాల్కనీలో కూర్చుని మేనేజర్ని దువ్వుతోంది. బొచ్చు రాలే కాలం. దువ్వెన నిండా మెత్తటి ఉండలు వస్తున్నాయి. ఎడమ డొక్క మీదికి వచ్చేసరికి వేలికేదో తగిలింది. గడ్డిగింజ అంటుకుందేమో అనుకుని బొచ్చు పాయ తీసి చూసింది.

గింజ కాదు. కందిగింజంత మచ్చ. నలుపూ కాదు, ఊదా కాదు, రెంటికీ మధ్య రంగు. కాస్త ఉబ్బెత్తుగా ఉంది. చుట్టూ ఒక్క వెంట్రుక లేదు.

బాల్కనీలో ఎండ కాస్తూనే ఉంది, కింద ఎవరో స్కూటరు స్టార్టు చేస్తూనే ఉన్నారు, ఆమె చేతులు మాత్రం మణికట్ల దాకా చల్లబడిపోయాయి.

"ఏమోయ్, మేనేజరుగారి అలంకారం అయిందా? టీ చల్లారిపోతోంది" అని లోపల్నుంచి భర్త కేకేశాడు.

"అయిందండీ" అంది. బొచ్చును మచ్చ మీదికి సర్ది, చేత్తో రెండుసార్లు నిమిరి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళింది.

కుందేలు మీద మచ్చకు ఇంత భయం ఎందుకంటే, అంతకుముందు ఆమె ఒక మచ్చను చూసింది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం వేళకు అక్క దుకాణానికి వచ్చింది. స్టూలు మీద కాలు పెట్టి, పిక్క చూపించి, "నీ కళ్ళు మంచివే. ఇదేంటో చూడు" అంది. అద్దాలమ్మ సరదాగా భూతద్దం కంటికి బిగించుకుని మరీ చూసింది. చూసి, "పుట్టుమచ్చే అక్కా. వయసు మీద పడుతుంటే ఇలాంటివి వస్తాయిట" అంది. అక్క ఆ వయసు మాటకు వీపు మీద ఒక్కటిచ్చింది. ఇద్దరూ నవ్వుకుని డబ్బాలు విప్పుకుని తిన్నారు. ఐదు నెలల తర్వాత ఆసుపత్రిలో డాక్టరు దానికి వేరే పేరు చెప్పాడు. అప్పటికే అది లోపలికి పాకింది.

అక్క ఆ మధ్యాహ్నం సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

సోమవారం అద్దాలమ్మ దుకాణం నుంచి ఒక స్కేలు తెచ్చుకుంది. రెండు కనుపాపల మధ్య దూరం కొలిచే పారదర్శకపు స్కేలు అది. భర్త మొదటి ట్రిప్పుకు వెళ్ళగానే మచ్చను కొలిచింది. నాలుగు మిల్లీమీటర్లు. మంగళవారం నాలుగున్నర. బుధవారం ఐదు. నిజంగా పెరిగిందో, స్కేలే పక్కకు జరిగిందో ఆమెకే తెలీదు. దుకాణంలో ఒక పెద్దమనిషి కళ్ళజోడు అద్దాన్ని పది డిగ్రీలు పక్కకు తిప్పి బిగించేసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని గుమ్మం దాకా నడిచి, నేల ఒరిగిపోతోందని గోడ పట్టుకున్నాడు. యజమాని ఆశ్చర్యపోయాడు. "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అనడిగాడు. బాగానే ఉందంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ఆలోచన ఆమెకు రోజుకు ఇరవైసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని పెట్టుకుంది. డాక్టరు నోరు విప్పేదాకా అది ఒట్టి మచ్చే. నోరు విప్పాక ఏమవుతుందో ఆమె ఒకసారి చూసింది.

డాక్టరుకు బదులు ఇంట్లో ఉన్న మందు వెతికింది. అలమరలో భర్త దురదకు రాసుకునే ట్యూబు దొరికింది. దాన్ని మంగళవారం సాయంత్రం మచ్చ మీద పల్చగా రాసింది. బుధవారం పొద్దున కాస్త మందంగా రాసింది. ఏదో ఒకటి చేస్తున్నానన్న నమ్మకం ఆ కాసేపు ఆమెకు ఊపిరి ఆడనిచ్చింది. తన వీపు తిరగ్గానే మేనేజరు మెడ తిప్పి ఆ మందంతా నాకేస్తున్న సంగతి ఆమె చూడలేదు.

బుధవారం సాయంత్రం అక్క కూతురు ఫోను చేసింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. హాస్టల్లో కుందేలును ఉంచుకోనివ్వరని పిన్ని దగ్గర వదిలింది. వారానికి రెండుసార్లు వీడియోలో చూసుకుంటుంది.

"పిన్నీ, మేనేజర్ని చూపించు."

"మంచం కింద దూరి పడుకుందమ్మా."

"ఈ టైములోనా? అది సాయంత్రాలు గంతులేస్తుంది కదా?"

"పొద్దుటి నుంచీ ఒకటే గంతులు. అలిసిపోయింది."

"సరే, లేపకులే. ఒక ముద్దు పెట్టానని చెప్పు."

మేనేజరు మంచం కింద లేదు. కుర్చీ కింద ముడుచుకుని ఉంది. పొద్దున పెట్టిన కొత్తిమీర ఒక్క ఆకు తప్ప అంతా దాని ముందే వాడిపోయి ఉంది.

గురువారం తెల్లవారాక మేనేజరు తనిఖీకి దిగలేదు. వీపు గూనిలా ఎత్తి, కళ్ళు సగం మూసి, బోను మూల కూర్చుంది. దగ్గరికి చెవి పెడితే పళ్ళు కొరుకుతున్న చప్పుడు. బోను కింద పళ్ళెం తీసి చూసింది. రోజూ గుప్పెడు పెంటికలు ఎత్తిపోసే పళ్ళెం. అందులో ఒక్కటి కూడా లేదు.

మొదటి ట్రిప్పు ముగించుకుని తొమ్మిదింటికి భర్త వచ్చేసరికి ఆమె నేల మీద కుందేలును ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. దుకాణానికి బయల్దేరనేలేదు. ఆయన మామూలుగా ఏ చిన్న సందు దొరికినా వేళాకోళమాడే మనిషి. ఆమె ఏదైనా పట్టు పడితే "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అని ఏడిపించడం, మేనేజరు వచ్చిన దగ్గర్నుంచీ మరీ ఎక్కువైంది. ఆవేళ మాత్రం ఆమె మొహం చూసి చెప్పులు కూడా విప్పకుండా పక్కన కూలబడ్డాడు.

"ఏమైంది?"

ఆమె బొచ్చు పాయ తీసి చూపించింది. ఆయన చూశాడు. ఆ చూడ్డంలో ఆయనకూ ఏం గుర్తొచ్చిందో ఆమెకు తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆదివారం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే డాక్టరు దగ్గరికి పదమంటారని."

ఆయన లేచి కూరగాయల బుట్ట ఖాళీ చేసి, అడుగున తువ్వాలు పరిచి తెచ్చాడు.

బండి వెనక ఆ బుట్టను గుండెలకు హత్తుకుని కూర్చుంది. స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా "మెల్లగా అండీ, మెల్లగా" అంటూనే ఉంది. స్కూలు పిల్లల్ని ఎక్కించుకున్నప్పుడు కూడా ఆయన అంత నెమ్మదిగా నడిపి ఉండడు.

పశువుల డాక్టరు ముప్పై దాటని ఆడమనిషి. కత్తిరించిన జుట్టు, మోచేతి మీద పిల్లి గీరిన గీతలు. అద్దాలమ్మ బల్ల దగ్గరికి రాగానే మచ్చ చూపించబోయింది. డాక్టరు ఆ చేతిని పక్కకు తీసి, స్టెతస్కోపు కుందేలు పొట్ట మీద పెట్టింది. ఒక వైపు విన్నది. రెండో వైపు విన్నది. మళ్ళీ మొదటి వైపు విన్నది.

"దీని కడుపులో చప్పుడే లేదు. ఆఖరిసారి ఎప్పుడు తిన్నది?"

"నిన్న పొద్దున. ఒక ఆకు."

"పెంటికలు?"

"లేవు."

"కుందేలు ఒక పూట తినకపోతేనే కంగారు పడాలమ్మా. దీని కడుపు ఆగిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. మచ్చ సంగతి తర్వాత. ఒంటికి ఏమైనా రాశారా?"

భర్త అద్దాలమ్మ వైపు చూశాడు.

"రాశానండీ" అంది అద్దాలమ్మ. "దురదకు రాసుకునే ట్యూబు. రెండుసార్లు."

"నాకేసి ఉంటుంది. ఒంటి మీద ఏం రాసినా నాకుతుంది ఇది. మనకు మందు, దీనికి విషం" అంది డాక్టరు. కోపంగా అనలేదు. కోపంగా అనకపోవడంతోనే అద్దాలమ్మకు ఇంకా భయం వేసింది.

"బతుకుతుందా అండీ?"

"సాయంత్రంలోపు పెంటికలు వేస్తే అప్పుడు చెబుతాను."

చర్మం కింద నీళ్ళు ఎక్కించారు. నొప్పికి ఒక సూది వేశారు. పచ్చగా జావలా కలిపిన మేతను సూదిలేని సిరంజిలో నింపి డాక్టరు అద్దాలమ్మ చేతికిచ్చింది. "మీ వాసన దానికి తెలుసు. మీరే పట్టండి. పెదవి పక్కనుంచి, చుక్క చుక్క. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అని చెప్పి వేరే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మాట విన్నాక ఎవరికి చెయ్యి ఆడుతుంది? అయినా ఆడించక తప్పలేదు. ఒక చుక్క. మేనేజరు మింగే దాకా ఆగడం. మరో చుక్క. సగం గడ్డం మీద కారిపోతోంది. మధ్యమధ్య పొట్టను వేళ్ళతో నెమ్మదిగా రుద్దాలి. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. అక్కకు ఆఖరి రోజుల్లో పాదాలు అలాగే ఉండేవి. ఆమె ఆ చెవుల్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఊదుతూ కూర్చుంది.

రెండున్నరకు భర్త లేచాడు. స్కూలు వదిలే వేళ. "నలభైమంది పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉంటారు. వెళ్ళక తప్పదు. దింపేసి వచ్చేస్తా" అన్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, కుందేలును చూస్తూ, "ఏం సార్, సెలవు చీటీ ఇవ్వకుండా వెళ్ళిపోకండి" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆ గదిలో ఆమె ఒక్కతే. అవతల బెంచీ మీద కాలికి కట్టు కట్టిన కుక్క ఒకటి మూలుగుతోంది. మేనేజరు పళ్ళు కొరకడం ఆపేసింది. నొప్పి తగ్గి ఆగిందా, ఓపిక పోయి ఆగిందా? అడుగుదామంటే డాక్టరు లోపల ఏదో ఆపరేషనులో ఉంది. డొక్క ఎగిరిపడుతోందా లేదా అని ఆమె రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది. డొక్క మీద మచ్చ ఎదురుగానే ఉంది. మూడు రోజులు దాన్ని కొలిచి కొలిచి కుందేలును చూడ్డం మానేశానని అప్పుడు తట్టింది ఆమెకు. అక్క కూతురికేం చెప్పాలి? మీ అమ్మ విషయంలో ఏమీ చెయ్యలేదు, మీ అమ్మ కుందేలుకు నా చేత్తోనే విషం రాశాను అనా?

ఐదు కావస్తుండగా తువ్వాలు మీద మిరియపుగింజంత పెంటిక ఒకటి పడింది. దానికి తోకలా ఒక వెంట్రుక. కాసేపటికి మరోటి.

"డాక్టరుగారూ!" అని ఆమె పెట్టిన కేకకు కుక్కతో వచ్చినాయన కుందేలు పోయిందనుకుని లేచి నిలబడ్డాడు. డాక్టరు చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. అద్దాలమ్మ అరచేతిలో రెండు పెంటికలు పెట్టుకుని, నగలు చూపించినట్టు చూపించింది. డాక్టరు మళ్ళీ స్టెతస్కోపు పెట్టి ఈసారి చాలాసేపు విన్నది. "మొదలైంది" అంది.

అప్పుడు మచ్చ చుట్టూ బొచ్చు గీసి, దీపం కింద పెట్టి, వేలితో నొక్కి చూసింది.

"ఇది చిన్న గడ్డ. కుందేళ్ళకు వచ్చే ఇలాంటివి చాలామటుకు మంచివే ఉంటాయి. కానీ కోసి తీసి పరీక్షకు పంపాలి."

"చూసి చెప్పలేరా అండీ?"

"లేనమ్మా. ఎంత మంచి కళ్ళున్నవాళ్ళైనా దీన్ని పైనుంచి చూసి చెప్పలేరు. చెప్పారంటే అది ఊహే."

అద్దాలమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఆ మాట తన కోసం అన్నది కాదని తెలుసు. అయినా తన గురించే అన్నట్టు వినపడింది.

ముందు కుందేలు కోలుకోవాలి, పది రోజుల తర్వాత ఆపరేషను అన్నారు. మత్తు ఇవ్వడం కుందేళ్ళకు కాస్త ప్రమాదమేనని కూడా ముందే చెప్పారు. అంటే ఒక భయం కాస్త సర్దుకుంటే, ఇంకో రెండు వచ్చి కూర్చున్నాయి.

మర్నాడు సాయంత్రం ఆమే ఫోను చేసి, కుందేలుకు బాగాలేదని, ఆపరేషను చెయ్యాలన్నారని అక్క కూతురికి చెప్పింది. "నేనొస్తున్నా పిన్నీ" అంది పిల్ల.

శనివారం మధ్యాహ్నానికి వచ్చేసింది. సంచి గుమ్మంలో పడేసి మేనేజరు దగ్గర బోర్లా పడుకుంది. కుందేలు లేచి ఆమె జుట్టు వాసన చూసి, ఒక పాయ నోట్లో పెట్టుకుని నమిలింది. పిల్ల ఏడుస్తూ నవ్వింది. అద్దాలమ్మ ఇక ఆగలేకపోయింది. ట్యూబు సంగతి చెప్పింది. ఫోనులో చెప్పిన అబద్ధం చెప్పింది. అక్కడితో ఆగుదామనుకుంది గానీ మాట ఆగలేదు.

"మీ అమ్మ కాలి మీద మచ్చ మొదట నాకే చూపించిందమ్మా. భూతద్దం పెట్టి చూసి మరీ పుట్టుమచ్చే అన్నాను. నేను ఆరోజే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి ఉంటే..."

పిల్ల లేచి కూర్చుంది. తెల్లబోయి చూసింది.

"నీకు ఎప్పుడు చూపించింది?"

"వేసవిలో. స్కూళ్ళు తెరవకముందు."

"నాకు అంతకుముందే చూపించింది పిన్నీ." ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "చలికాలంలో. నేను ఫోను చూసుకుంటున్నా. 'ఏం కాదులేమ్మా' అన్నా. తల కూడా ఎత్తలేదు. నువ్వు భూతద్దమైనా పెట్టావు. ఇన్నాళ్ళూ నీకు చెబితే నువ్వు నన్ను అసహ్యించుకుంటావని..."

అద్దాలమ్మ ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ చాలాసేపు నేల మీదే ఉన్నారు. అప్పుడే లోపలికి వచ్చిన భర్త గుమ్మంలో నిలబడి, ఏమైందో అర్థంకాక ముందు కుందేలు వైపు చూశాడు. అది కులాసాగా గడ్డి నములుతోంది. ఆయన చప్పుడు చెయ్యకుండా వెళ్ళి టీ నీళ్ళు పడేశాడు.

ఆపరేషను రోజుకు పిల్ల మళ్ళీ వచ్చింది, ముగ్గురూ వెళ్ళారు. నలభై నిమిషాలన్నారు, గంటంపావు పట్టింది. ఆ చివరి అరగంటలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. పిల్ల తన వేలి గోరు రక్తం వచ్చేదాకా కొరికింది. డాక్టరు బయటికొచ్చి, మత్తులోంచి తేరుకోవడం ఆలస్యమైంది గానీ తేరుకుందని చెప్పింది. భర్త అద్దాలమ్మను చెయ్యి పట్టి లేపాడు.

గడ్డను పరీక్షకు పంపారు. పన్నెండు రోజులు. ఆమె అన్నం తిన్నది, దుకాణానికి వెళ్ళింది, అద్దాలు అరగదీసింది. ప్రతి అద్దాన్నీ రెండుసార్లు సరిచూసుకుని బిగించింది. ఫోను మోగితే మాత్రం ఒళ్ళంతా ఉలిక్కిపడేది. పదమూడో రోజు సానరాయి తిరుగుతుండగా మోగింది. రాయి ఆపింది.

"చెడ్డది కాదమ్మా. మంచి గడ్డే. మొత్తం వచ్చేసింది" అంది డాక్టరు.

"మళ్ళీ చెప్పండి" అంది అద్దాలమ్మ.

డాక్టరు మళ్ళీ చెప్పింది. మూడోసారి అద్దాలమ్మ యజమానిని పిలిచి, ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. ఆయనకేమీ అర్థం కాలేదు గానీ "మంచిదేనట, మంచిదేనట" అన్నాడు. అప్పుడు నమ్మింది.

ఆ నెలలోనే పిన్నీ, ఆ పిల్లా కలిసి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళారు. అక్కకు వచ్చింది కాబట్టి ఇద్దరూ చూపించుకోవాలని కుందేలు డాక్టరే చెప్పింది. అక్కను తీసుకెళ్ళిన ఆసుపత్రే అది. మెట్ల దగ్గర అద్దాలమ్మ ఆగిపోయింది. ముందు మెట్టెక్కిన పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. అద్దాలమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది. లోపల నెత్తి నుంచి పాదాల దాకా చూశారు. పిల్ల ఒంటి మీద ఏమీ లేదన్నారు. అద్దాలమ్మ భుజం వెనక ఒకదాన్ని ఫొటో తీసుకుని, ఆరు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

భయం పోయిందా అంటే పోలేదు. ఆ ఆరు నెలల తేదీ దగ్గరపడుతున్న కొద్దీ ఆమె వంటలో ఉప్పు మరిచిపోతోంది. భర్త చప్పటి కూర తింటూ, "తేదీ దగ్గరికొచ్చినట్టుందే" అంటాడు. "అవునండీ, భయంగా ఉంది" అంటుంది ఆమె. ఆయన లేచి ఉప్పు డబ్బా తెచ్చుకుంటాడు.